శ్రీనివాస్‌లో మొదటి అక్షరం ఏది?

ఏదైనా యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు పేరును తెలుగులో రాసి చూడండి. ఫొటో పెట్టకుండా వదిలేస్తే చాలా యాప్‌లలో ఆ చోట ఒక రంగు వృత్తం వస్తుంది, దాని మధ్యలో పేరులోని మొదటి అక్షరం. శ్రీనివాస్‌కు ‘శ’ అని వస్తుంది. కృష్ణవేణికి ‘క’, జ్యోతికి ‘జ’, గోపాల్‌కు ‘గ’. రెండో తరగతి పిల్లను అడిగితే శ్రీ, కృ, జ్యో, గో అని టక్కున చెప్పేస్తుంది. లక్షల మంది వాడే సాఫ్ట్‌వేర్‌కు ఆ మాత్రం తెలియదా?

ఇవన్నీ ఎక్కడో అమెరికాలో రాసి ఉంటారు, వాళ్లకు మన ఒత్తుల సంగతి ఏం తెలుస్తుందిలే అని సరిపెట్టుకుందామన్నా కుదరదు. రాసేవాళ్లలో బోలెడుమంది మన మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లోనే కూర్చుని ఉన్నారు. సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది 1998 నవంబరులో. అప్పటి నుంచి కరీంనగర్, గుంటూరు, ఖమ్మం, కడప నుంచి వచ్చి, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు చేసి, హైటెక్ సిటీలో ఉద్యోగాల్లో చేరినవాళ్లది ఒక తరం గడిచిపోయింది. వాళ్లందరికీ గుణింతాలు వచ్చు. అయినా ‘శ’ అలాగే ఉంది.

కారణం అశ్రద్ధ ఒక్కటే కాదు. ‘మొదటి అక్షరం ఇవ్వు’ అని కంప్యూటర్‌ను అడిగినప్పుడు దాని దగ్గర మూడు రకాల జవాబులుంటాయి. మనం ఒకటి మనసులో పెట్టుకుని అడుగుతాం. అది ఇంకొకటి ఇస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మూడూ ఒకటే కాబట్టి తేడా ఎవరికీ కనబడదు. తెలుగు రాగానే మూడు జవాబులూ మూడు దారులు పడతాయి.

ఈ వ్యాసం రూబీ భాషలో వెబ్‌సైట్లు రాసేవాళ్ల వైపు నుంచి నడుస్తుంది. సైబరాబాద్‌లో జావా, డాట్‌నెట్‌లకే పెద్దపీట. రూబీ వాళ్లు కాస్త తక్కువే. కానీ తెలుగు అక్షరాన్ని విప్పి చూపించడానికి రూబీ అంత వీలైన పనిముట్టు అరుదు. ఒక్క లైను రాస్తే చాలు, లోపల ఏముందో కనిపిస్తుంది. పైగా రూబీ పుట్టింది ఇంగ్లిష్ దేశంలో కాదు. యుకిహిరో మత్సుమొతో 1993లో జపాన్‌లో మొదలుపెట్టి 1995లో బయటికి విడుదల చేశారు. దాని మీద వెబ్‌సైట్లు కట్టే చట్రం ‘రైల్స్’ను డెన్మార్క్ మనిషి డేవిడ్ హైనమైయర్ హాన్సన్ 2004లో తెచ్చారు. గిట్‌హబ్, షాపిఫై కట్టింది దీని మీదే. మన పక్కన చెన్నైలో 2010లో మొదలైన ఫ్రెష్‌డెస్క్ కూడా అంతే.

అచ్చాఫీసు అరలు

పాత అచ్చాఫీసుల్లో కంపోజిటర్ ముందు చెక్క అరలుండేవి. ఒక్కో అరలో ఒక్కో సీసపు ముక్క. యూనికోడ్ కూడా అలాంటి అరల బీరువానే. ప్రపంచంలోని లిపులన్నిటికీ అందులో చోటుంది, ప్రతి అరకూ ఒక నంబరుంది. 3072 నుంచి 3199 దాకా 128 అరలు తెలుగువి. ‘స’ 3128లో ఉంటుంది, ‘త’ 3108లో, ‘ర’ 3120లో. గుడిదీర్ఘం విడిగా 3136లో. పొల్లు 3149లో.

ఒత్తులకు అరలు లేవు. తవత్తు కావాలంటే ముందు పొల్లు, దాని వెనక ‘త’ పెట్టాలి. ‘పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని కిందికి దించి ఒత్తుగా గీయి’ అనేది ఆ తర్వాత వచ్చే ఫాంటు పని. అంటే కంప్యూటర్‌లో ‘స్త్రీ’ ఒకే ముక్కగా ఎక్కడా నిల్వ ఉండదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు వరసగా ఉంటాయి. ఈ ముక్కలనే ప్రోగ్రామర్లు కోడ్ పాయింట్లు అంటారు.

ఈ పద్ధతి యూనికోడ్ వాళ్లు సొంతంగా కనిపెట్టింది కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే కీబోర్డు, ఒకే క్రమం ఉండాలని మన దేశంలోనే 1980ల్లో రూపొందించిన ‘ఇస్కీ’ ప్రమాణం నుంచి తీసుకున్నదే. 128 అరల్లో ఒత్తులన్నీ విడివిడిగా పెట్టే ప్రయత్నం చేసి ఉంటే వాటికి వాటి గుణింతాలు, వాటికి మళ్లీ రెండో ఒత్తులు... బీరువా ఎక్కడికి చేరేదో. కాబట్టి ఆ నిర్ణయం మంచిదే. దాని ఖరీదు మాత్రం ఇప్పుడు ప్రోగ్రామర్ కడుతున్నాడు.

అరల నంబర్లను డిస్కు మీద రాసేటప్పుడు ఇంకో మెట్టు ఉంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగు ముక్క ఏదైనా, చివరికి ఒక్క పొల్లు అయినా, మూడు బైట్లు తీసుకుంటుంది.

> ‘స్త్రీ’కి నాలుగు లెక్కలు
>
> రూబీ కన్సోల్ తెరిచి అడిగితే:
>
> బైట్లు ఎన్ని? 18.
>
> కోడ్ పాయింట్లు ఎన్ని? 6. మామూలుగా ‘లెంగ్త్’ అని అడిగితే వచ్చేది ఇదే.
>
> గ్రాఫీమ్ క్లస్టర్లు, అంటే కంటికి ఒకటిగా కనిపించే గుంపులు ఎన్ని? పాత నియమం ప్రకారం 3: స్, త్, రీ.
>
> మనిషిని అడిగితే? 1.
>
> రూబీ 1.8 కాలంలో ‘లెంగ్త్’ అంటే బైట్ల లెక్కే. ‘స్త్రీ’ పొడవు 18 అని చెప్పేది. 1.9 నుంచి ప్రతి పదం తన లిపి సంకేత పద్ధతిని వెంటబెట్టుకుని తిరుగుతుంది. జపనీస్ రాయడానికి ఒకటికి మించి పద్ధతులు వాడుకలో ఉండి, రోజూ వాటితో తలపడ్డవాళ్లు చేసిన మార్పు అది.

ఇప్పుడు శ్రీనివాస్ సంగతి తేలిపోయింది. ‘సున్నా స్థానంలో ఉన్నది ఇవ్వు’ అని ప్రోగ్రామర్ రాశాడు. రూబీ మొదటి అరలోని ముక్కను, అంటే ‘శ’ను ఇచ్చింది. పొల్లు, రకారం, గుడిదీర్ఘం వెనకే ఉండిపోయాయి.

గ్రాఫీమ్ క్లస్టర్లను ఇచ్చే మెథడ్ రూబీ 2.5లో, 2017 డిసెంబరులో వచ్చింది. దాన్ని పిలిచి మొదటిది అడిగితే గోపాల్‌కు ‘గో’, కృష్ణవేణికి ‘కృ’ సరిగ్గా వస్తాయి. గుణింతపు గుర్తు హల్లును వదిలిపోకూడదని దానికి తెలుసు. శ్రీనివాస్‌కు మాత్రం ‘శ్’ అనే ఇస్తుంది, జ్యోతికి ‘జ్’. పొల్లు దగ్గర గుంపు ముగిసిందనుకుంటుంది పాత నియమం. దీని కథ చివర్లో.

మంత్రి కాస్తా మంత్ర

వార్తల సైట్లలో శీర్షిక పొడవైతే చివర మూడు చుక్కలు పెట్టి కోసేస్తారు. రైల్స్‌లో దీనికి ‘ట్రంకేట్’ ఉంది. 30 అని చెబితే 30 కోడ్ పాయింట్లకు కోస్తుంది, ఆ మూడు చుక్కలు కూడా 30లోనే. ఇంగ్లిష్ డిజైనర్ 30 అంటే ఐదారు మాటలు వస్తాయని లెక్కేసుకుంటాడు. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ ముక్కలుగా లెక్కకొస్తాయి కాబట్టి అంత జాగాలో మూడు మాటలు పడితే గొప్ప.

జాగా చాలకపోవడం చిన్న ఇబ్బంది. కోత పడే చోటు పెద్ద ఇబ్బంది. ‘మంత్రి’లో ఆరు ముక్కలున్నాయి: మ, సున్న, త, పొల్లు, ర, గుడి. మూడో ముక్క దగ్గర కోస్తే ‘మంత’. నాలుగో దాని దగ్గర ‘మంత్’. ఐదో దాని దగ్గర కోస్తే ‘మంత్ర’ అని ఇంకో మాట తయారవుతుంది, తప్పు జరిగినట్టు కూడా ఎవరికీ అనిపించదు. బైట్ల లెక్కన కోసే పాత కోడ్ ఎక్కడైనా మిగిలి ఉంటే, ముక్క మధ్యలోనే కత్తి పడి ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం గుర్తు బయటపడుతుంది. అది నయం. కనీసం బగ్ ఉందని తెలుస్తుంది.

చికిత్స తేలిక. ‘ట్రంకేట్’కు ‘సెపరేటర్’ అనే ఐచ్ఛికం ఉంది. అందులో ఖాళీ జాగా ఇస్తే మాటల మధ్యే కోస్తుంది, మాటను ముట్టదు. తెలుగు సైటు అయితే ఇది లేకుండా ట్రంకేట్ వాడకూడదు. ఫోన్‌కు పంపే నోటిఫికేషన్ లాంటి వాటిలో పరిమితి బైట్లలోనే ఉంటుంది. ఆపిల్ ఫోన్లకు పంపే మొత్తం పొట్లం 4,096 బైట్లు దాటకూడదు. అలాంటి చోట్ల రైల్స్ 6 నుంచి ఉన్న ‘ట్రంకేట్ బైట్స్’ వాడాలి. గ్రాఫీమ్ గుంపును చీల్చకుండా, చెప్పిన బైట్లకు లోపలే ఆపుతుంది.

రమకు ప్రవేశం ఉంది, సీతకు లేదు

పేరు అడిగే ఫారంలో అంకెలు, గుర్తులు రాయకుండా ఒక కాపలా నియమం పెడతారు. పాతవాళ్లు ‘ఎ నుంచి జెడ్ వరకు’ అని రాసేవారు. అక్కడ తెలుగు పేరు గుమ్మంలోనే ఆగిపోయేది. రూబీలో ‘పదాక్షరం’ అనే చిన్న గుర్తు ఒకటుంది, కొంతమంది అది వాడి చూస్తారు. అక్షరాల్లో అది కూడా ఇంగ్లిష్‌కే పరిమితం.

కొంచెం చదువుకున్న డెవలపర్ యూనికోడ్‌లోని ‘లెటర్’ వర్గాన్ని వాడతాడు. ఏ లిపి అయినా సరే అక్షరమైతే చాలు అని దాని అర్థం. తెలుగులో పరీక్షించాలని తన టీంలో ఎవరి పేరో కొట్టి చూస్తాడు. ‘రమ’ సరిపోయింది. ‘కమల’ సరిపోయింది. ‘వనజ’ కూడా. టికెట్ మూసేస్తాడు. మర్నాడు సీత వస్తుంది, ‘దయచేసి సరైన పేరు రాయండి’ అని ఎర్ర అక్షరాలు. లక్ష్మికి అంతే, రాజుకు అంతే.

తలకట్టు తప్ప ఇంకే గుణింతమూ లేని పేర్లు మాత్రమే లోపలికి వెళ్లాయి. ఎందుకంటే దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న, పొల్లు, ఇవేవీ యూనికోడ్ లెక్కలో ‘లెటర్’ కావు. అవి ‘మార్క్’ అనే వేరే వర్గం. లెటర్, మార్క్ రెండిటినీ అనుమతించాలి. పేరులో ఖాళీ, చుక్క, ఇంటిపేరు పొడి అక్షరాలు కూడా వస్తాయి కదా. నా మటుకు అడిగితే, పేరుకు కాపలా పెట్టడమే దండగ. ఖాళీగా వదలకుండా చూస్తే చాలు.

ఇంకో సరదా సంగతి. రూబీలో వేరియబుల్ పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు: ‘జీతం’, ‘అద్దె’, ఏదైనా. ప్రోగ్రాం శుభ్రంగా నడుస్తుంది. క్లాస్ పేరు మాత్రం తెలుగులో మొదలుపెట్టలేం. క్లాస్ పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలని రూబీ నియమం. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఎక్కడివి?

రెండు హైదరాబాద్‌లు

ఇప్పటిదాకా చెప్పినవి కంటికి కనిపించే తప్పులు. ఇది కనిపించదు.

ఒక కంపెనీ సైటులో బ్రాంచిల జాబితా ఉందనుకోండి. కిందికి లాగే పెట్టెలో ‘హైదరాబాద్’ రెండుసార్లు కనిపిస్తోంది. ఒకటే పేరు రెండుసార్లు చేరకూడదని డేటాబేస్‌లో నిబంధన పెట్టారు, అయినా చేరింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా లేదు. ‘ఈ రెండూ సమానమా’ అని రూబీని అడిగితే కాదంటుంది.

ఇలాంటప్పుడు కళ్లను నమ్మకుండా ‘కోడ్‌పాయింట్స్’ మెథడ్‌ను పిలవాలి. మొదటి హైదరాబాద్ 3129, 3144 అని మొదలవుతుంది. 3129 అంటే ‘హ’, 3144 అంటే ఐత్వం. రెండోది 3129, 3142, 3158 అని మొదలవుతుంది. 3142 ఎత్వం. 3158 అంటే ఐత్వంలో కింద వేలాడే తోక ఒక్కటే.

చేత్తో ఐత్వం రాసే తీరు గుర్తు తెచ్చుకోండి. ముందు ఎత్వం, తర్వాత కింద చిన్న మెలిక. కంపోజిటర్ అరల్లో ఎత్వమూ మెలికా కలిపి పోతపోసిన ఒకే ముక్క ఉంది. ఎత్వం విడిగా, మెలిక విడిగా కూడా ఉన్నాయి. ఏది వాడినా అచ్చులో పడే బొమ్మ ఒకటే. యూనికోడ్ కూడా ఈ రెండు రాతలు సమానమేనని ఒప్పుకుంటుంది. కానీ రూబీ, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు మామూలు పోలికలో బైట్లను చూస్తాయి. ఒకదానిలో 27 బైట్లు, రెండోదానిలో 30. ఇక సమానమెక్కడ?

తెలుగు మొత్తంలో ఇలా రెండు రకాలుగా రాయగలిగింది ఐత్వం ఒక్కటే. మన దురదృష్టం ఏమిటంటే హైదరాబాద్, సైబరాబాద్, హైటెక్ సిటీ, మైత్రీవనం అన్నిటిలోనూ అదే ఉంది. రైతు, రైలు, వైద్యం కూడా అంతే.

విడిపోయిన ఐత్వం ఎక్కడి నుంచి వస్తుంది? కీబోర్డు మీద కొట్టే మనిషి నుంచి రావడం అరుదు. 2017లో కొత్త పద్ధతి వచ్చేదాకా మాక్ కంప్యూటర్లలో వాడిన ఫైల్ వ్యవస్థ, ఫైళ్ల పేర్లలో ఇలాంటి ముక్కలన్నిటినీ విడదీసి దాచేది. ఫ్రెంచ్ అక్షరాల మీది కొమ్ములతో పాటు మన ఐత్వాన్నీ విడదీసింది. ఆ ఫైల్ పేరును ఎవరో కాపీ చేసి ఎక్సెల్‌లో పెడతారు, ఆ ఎక్సెల్‌ను ఇంకెవరో సైటులోకి ఎక్కిస్తారు. అంతే, రెండో హైదరాబాద్ వెలిసింది.

మందు ఒకటే: లోపలికి వచ్చే ప్రతి పాఠాన్నీ గుమ్మంలోనే ఒకే రూపంలోకి మార్చాలి. రూబీ 2.2 నుంచి ‘యూనికోడ్ నార్మలైజ్’ అనే మెథడ్ భాషలోనే ఉంది. ఎన్‌ఎఫ్‌సీ అనే రూపం అడిగితే విడివిడి ముక్కలను కలిపి 3144 చేస్తుంది. ఈ పనిని ప్రతి ఫారంలో గుర్తుపెట్టుకుని చేయనక్కర్లేదు. 2023లో వచ్చిన రైల్స్ 7.1లో ‘నార్మలైజెస్’ అని ఒక్క లైను మోడల్‌లో రాస్తే, ఆ మోడల్ గుండా ఆ గడిలోకి వచ్చేది శుద్ధి అయ్యే వస్తుంది. వెతికేటప్పుడు ఇచ్చే పదానికీ అదే శుద్ధి జరుగుతుంది. ఇప్పటికే చేరిపోయిన పాత డేటా మాటేమిటంటే, పోస్ట్‌గ్రెస్‌లో 13వ వెర్షన్ నుంచి ‘నార్మలైజ్’ ఫంక్షన్ ఉంది, ఒక మైగ్రేషన్ రాసి ఊడ్చేయొచ్చు. ముందు నకళ్లను కలపాలి సుమా. లేకపోతే శుద్ధి చేసిన మరుక్షణం ‘ఈ పేరు ఇప్పటికే ఉంది’ అని ఆగిపోతుంది.

కనిపించని ముక్క

‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద వవత్తు పడకుండా మధ్యలో ఒక అడ్డు పెడతాం. దాని అర నంబరు 8204. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. ఉన్న పనల్లా పక్క ముక్కలు కలవకుండా ఆపడం. ‘ఫేస్‌బుక్’లో అది తీసేస్తే సకారం కింద బవత్తు దిగుతుంది.

ఈ ముక్క 2018 ఫిబ్రవరిలో ప్రపంచాన్ని ఒక వారం ఆడించింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత 8204, చివర దీర్ఘం. అంటే ‘జ్ఞా’ రాస్తూ మధ్యలో ఎవరూ పెట్టని చోట అడ్డు పెట్టారు. ఈ వరస ఉన్న సందేశం వస్తే ఐఫోన్‌లో దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. తెరిచిన ప్రతిసారీ కూలేది. ఆపిల్‌లో అక్షరాలు గీసే భాగానికి ఆ దీర్ఘాన్ని ఎక్కడ తగిలించాలో తోచలేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. ఆ వారం విదేశీ పత్రికలన్నీ ‘తెలుగు అక్షరం’ అని రాశాయి. తప్పు గీసే యంత్రానిది, పేరు పోయింది మన అక్షరానిది.

వెబ్ డెవలపర్‌కు 8204తో రెండు వైపులా చిక్కే. అంచుల్లోని ఖాళీలు తీసే ‘స్ట్రిప్’ దాన్ని తీయదు, కాబట్టి పేరు చివర కనపడకుండా ఉండిపోతుంది. చిరాకుపడి అన్ని చోట్లా తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’ రూపం చెడుతుంది. నేను పాటించమనేది ఇదీ: చూపించే పాఠంలో దాన్ని ఉంచండి; వెతకడానికి వేరే గడి పెట్టుకుని అందులో తీసేసిన రూపం దాచండి. ఒకరు అడ్డుతో కొడతారు, ఒకరు లేకుండా కొడతారు, ఇద్దరికీ దొరకాలి. అనుమానం వచ్చినప్పుడు ‘డంప్’ మెథడ్ పిలిస్తే కనపడని ముక్కలన్నీ నంబర్లతో బయటికొస్తాయి.

రూపాయి గుర్తు ఖరీదు

ఎస్సెమ్మెస్‌లో ఉండేది 140 బైట్లు. ఇంగ్లిష్‌ను ఏడు బిట్లలో కుదించి 160 అక్షరాలు పట్టిస్తారు. తెలుగుకు ముక్కకు రెండు బైట్లు, 70 ముక్కలు. ‘స్వాతంత్ర్యం’ ఒక్కటే పన్నెండు తినేస్తుంది.

అసలు చిక్కు ఇంగ్లిష్ సందేశాల్లో. ఆ ఏడు బిట్ల పట్టికలో పౌండు, డాలరు, యెన్ ఉన్నాయి; 2010లో మనం తెచ్చుకున్న రూపాయి గుర్తు లేదు. అది ఒక్కటి పడితే సందేశం మొత్తం 70 లెక్కకు మారి, ఒక సందేశం రెండో మూడో అయి బిల్లు పెరుగుతుంది. పంపే ముందు సందేశంలో పట్టిక బయటి ముక్క ఏదైనా ఉందా అని చూసే చిన్న పరీక్ష రాసుకుంటే ఆ బిల్లు ముందే తెలుస్తుంది.

శాతం గుర్తుల తోరణం

తెలుగు వికీపీడియా లింకును వాట్సాప్‌లో పేస్ట్ చేసినవాళ్లకు తెలుసు, చిన్న పేరు కాస్తా శాతం గుర్తుల తోరణమవుతుంది. వెబ్ చిరునామాలో ప్రతి బైటూ ఒక శాతం గుర్తు, దాని వెనక మరో రెండు గుర్తులుగా మారుతుంది. అంటే తెలుగు ముక్క ఒక్కోటి తొమ్మిది. తొమ్మిది ముక్కల ‘హైదరాబాద్’ 81 అవుతుంది.

రైల్స్‌లో శీర్షికను చిరునామాగా మార్చే ‘పారామీటరైజ్’ ఇంకో రకంగా చేస్తుంది. తెలుగు శీర్షిక ఇస్తే ఖాళీ తిరిగి ఇస్తుంది. ఏమీ ఉండదు. తనకు తెలిసిన లిప్యంతరీకరణ పట్టికలో తెలుగు లేదు, తెలియనివన్నీ ఏరి పారేసింది. రెండో తెలుగు వ్యాసం చేర్చినప్పుడు ‘ఈ చిరునామా ఇప్పటికే ఉంది’ అంటుంది, అప్పుడు గానీ బయటపడదు. చిరునామాలో ముందు వ్యాసం నంబరు పెట్టి, వెనక తెలుగు శీర్షికలోని లెటర్, మార్క్ వర్గాల ముక్కలను మాత్రం ఉంచుకోవడం నమ్మకమైన దారి. పేస్ట్ చేసినప్పుడు పొడవు బాధ తప్పదు. నంబరు దాకా కోసినా పేజీ తెరుచుకుంటుంది.

> అక్షరాలు కావు గానీ, అదే జాతి బాధలు
>
> రైల్స్ మామూలుగా 12 లక్షల 34 వేలను మూడు మూడు అంకెలుగా విడగొట్టి 1,234,000 అని చూపిస్తుంది. ‘డిలిమిటర్ ప్యాటర్న్’ అనే ఐచ్ఛికం ఇస్తే 12,34,000 అవుతుంది. దాని అధికారిక వివరణలో ఇచ్చిన ఉదాహరణ మన లక్షల పద్ధతే, చాలామంది చూడరు.
>
> తెల్లవారుజామున 5:30కి ముందు పెట్టిన ఆర్డరు నిన్నటి తేదీతో నమోదవుతోందా? సర్వర్ గ్రీనిచ్ లెక్కలో ఉంది, ‘డేట్ టుడే’ సర్వర్ తేదీని ఇచ్చింది. ‘డేట్ కరెంట్’ వాడితే సైటుకు నిర్ణయించిన కాలమండలాన్ని చూస్తుంది. రైల్స్ జాబితాలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్నాయి. హైదరాబాద్ లేదు, ఏది ఎంచుకున్నా గడియారం ఒకటే.

బిల్లు మీద చెదిరిన ఒత్తులు

తెర మీద చక్కగా ఉన్న తెలుగు పీడీఎఫ్ బిల్లులోకి వచ్చేసరికి చెల్లాచెదురవుతుంది. గుడి పక్కకు పోతుంది. పొల్లు పొల్లుగానే నిలబడి, ఒత్తు కావలసిన హల్లు దాని పక్కన పూర్తి ఆకారంలో కూర్చుంటుంది. సర్టిఫికెట్ల మీద ఇది చూసి ఫాంటు బాగాలేదని ఫాంట్లు మారుస్తూ పోతారు. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన ఫాంటు పెట్టినా, గూగుల్ వాళ్ల నోటో పెట్టినా అలాగే వస్తుంది.

ఎందుకంటే ఫాంటు ఒక్కటే చాలదు. ఫాంటులో ముక్కల బొమ్మలతో పాటు ‘పొల్లు తర్వాత తకారం వస్తే ఈ ఒత్తు బొమ్మ వాడు’ అనే నియమాలు కూడా ఉంటాయి. ఆ నియమాలు చదివి అమలు చేసే కంపోజిటర్ ప్రోగ్రాం ఒకటి కావాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. రూబీలో పేరున్న పీడీఎఫ్ జెమ్ (లైబ్రరీ) ‘ప్రాన్’కు సొంత కంపోజిటర్ లేడు. అరల్లోంచి ముక్కలు తీసి వరసగా పేర్చేస్తుంది, అంతే. ఇంగ్లిష్‌కు అది చాలు.

కాబట్టి బిల్లును ముందు మామూలు వెబ్ పేజీగా తయారుచేసి, తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్‌గా మార్చాలి. ‘గ్రోవర్’, ‘ఫెర్రం’ జెమ్‌లతో ఆ పని చేయొచ్చు. ఒక్క జాగ్రత్త: ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చి, డిప్లాయ్ చేశాక ఖాళీ పెట్టెలు వస్తే భయపడకండి. డాకర్‌లో వాడే చిన్న లినక్స్ ఇమేజ్‌లలో తెలుగు ఫాంటు ఉండదు. నోటో తెలుగు ఫాంటును ఆ ఇమేజ్‌లో ఇన్‌స్టాల్ చేయాలి, లేదా ఫాంటు ఫైల్‌ను పేజీతో పాటే ఇవ్వాలి.

అన్నీ కష్టాలే కావు. పేర్లను అకారాది క్రమంలో పెట్టడంలో మనకు కలిసొచ్చింది. అరల నంబర్లు దాదాపు వర్ణమాల వరసలోనే ఉన్నాయి, రూబీ మామూలు ‘సార్ట్’ చాలావరకు సరిపోతుంది. ‘ళ’ మాత్రం లకారం పక్కనే కూర్చుంది, ‘క్ష’ కకారంలో కలిసిపోతుంది.

కదులుతున్న నియమం

ఇక ‘శ్’ సంగతి. పొల్లు దగ్గర గుంపు తెగిపోవడం సరికాదని యూనికోడ్ వాళ్లు ఒప్పుకుని 2023 సెప్టెంబరులో 15.1 వెర్షన్‌లో కొత్త నియమం చేర్చారు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వస్తే అది ఒకే గుంపు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకు ఇది వర్తిస్తుంది. పక్కనున్న కన్నడకు లేదు. ఈ నియమం ప్రకారం ‘శ్రీ’ ఒకటి, ‘స్త్రీ’ ఒకటి, ‘స్వాతంత్ర్యం’ మూడు.

నియమం పుస్తకంలోకి ఎక్కడం ఒకటి, మీ సర్వర్‌లోని రూబీలోకి దిగడం ఒకటి. అది ఏ యూనికోడ్ వెర్షన్‌తో తయారైందో ‘ఆర్‌బీకాన్ఫిగ్’లో అడిగి తెలుసుకోవచ్చు. పట్టికలు కొత్తవైనంత మాత్రాన గుంపులు కట్టే కోడ్ కూడా మారిందనుకోకూడదు, నడిపి చూడాలి. అందాకా ఒక చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసుకుంటే పని జరుగుతుంది: ఒక హల్లు, దాని వెనక పొల్లు-హల్లు జంటలు ఎన్నైనా, తర్వాత ఉంటే ఒక గుణింతపు గుర్తు లేదా పొల్లు, ఉంటే సున్నో విసర్గో. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని వెనక ఉంటే సున్నో విసర్గో.

దానితో పాటు నాలుగైదు పేర్లతో ఒక టెస్ట్ ఉండాలి. శ్రీలక్ష్మి, జ్ఞానేశ్వర్, గోపాల్, విడిపోయిన ఐత్వంతో రాసిన హైదరాబాద్, 8204 ఉన్న సాఫ్ట్‌వేర్ చాలు. పైన చెప్పిన బగ్‌లలో ఎక్కువ భాగం వీటికి దొరుకుతాయి. అదే టెస్ట్‌లో ఇంకో లైను చేర్చండి: రూబీ సొంత మెథడ్‌తో ‘స్త్రీ’ని లెక్కపెడితే 3 రావాలి అని. ఏదో ఒక రూబీ అప్‌గ్రేడ్ రోజున ఆ లైను ఎర్రబడి 1 వచ్చిందని చెబుతుంది. అప్పుడు సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను తీసేయొచ్చు.